గోపీచందు హెచ్చరిక

పుల్లెల గోపీచందుగారు 2025 ఫిబ్రవరిలో పలికిన మాట క్రీడాభిమానులలో పెక్కుమందికి రుచింపలేదు. ధనవంతులు కానివారు, కుటుంబ వ్యాపారము వంటి ఆధారము లేనివారు తమ బిడ్డలను క్రీడావృత్తిలో ప్రవేశపెట్టవలదని తాను సలహా యిచ్చుచున్నట్లు ఆయన చెప్పిరి. జీవితమంతయు ఆటకే ధారపోసిన మనుష్యుడు ఇట్లు పలుకవచ్చునా యని కొందరు నొచ్చుకొనిరి. మాట చేదైనదే. కాని చెప్పినవారెవరో, ఏ యనుభవముతో చెప్పిరో విచారింపక దానిని త్రోసివేయుట వివేకము గాదు.

ఆయన మన ప్రాంతమువారు. ఇంకొల్లు మండలములోని నాగండ్లలో 1973లో జన్మించిరి. హైదరాబాదులో ఆరిఫ్ గారి యొద్ద బ్యాడ్మింటన్ నేర్చిరి. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో తప్పుట వలననే తాను ఆటలో నిలిచితినని ఆయనయే చెప్పియున్నారు. 1994లో మోకాలు తీవ్రముగా దెబ్బతిన్నది. దానిని జయించి లేచి, 2001 మార్చిలో బర్మింగుహాము నగరమున సెమీఫైనలులో డెన్మార్కు వీరుడు పీటర్ గేడును, ఫైనలులో చైనా వీరుడు చెన్ హాంగును 15-12, 15-6గా నోడించి ఆల్ ఇంగ్లండు విజేత యైరి. 1980లో ప్రకాశ్ పదుకోనే పొందిన యా గౌరవము మరల భారతీయునకు దక్కుటకు ఇరువదియొక్క సంవత్సరములు పట్టినది. గెలిచిన పిమ్మట శీతలపానీయముల ప్రకటనకు పిలుపు రాగా, అవి ఆరోగ్యమునకు హితము గావని నిరాకరించిరి.

ఆటగాని చరిత్ర అక్కడ ముగిసినను వింత లేదు. అంతకంటె గొప్పదియైన గురువు చరిత్ర అటుపిమ్మట ప్రారంభమైనది. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గచ్చిబౌలిలో ఐదెకరముల భూమిని కౌలున కిచ్చినది. భూమి దొరికినను కట్టడమునకు ధనము చాలలేదు. ఆయన తన యింటిని తాకట్టు పెట్టిరి; నిమ్మగడ్డ ప్రసాదుగారు 5 కోట్ల రూపాయలు విరాళమిచ్చిరి. 2008లో అకాడమీ ప్రారంభమయ్యెను. అక్కడ శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2012లో లండను ఒలింపిక్సునందు కాంస్యమును, పి.వి. సింధు 2016లో రియోనందు రజతమును గెలిచిరి. గుంటూరు యువకుడు కిదాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచమున ప్రథమస్థానమును పొందెను. 2022లో బ్యాంకాకునందు ఇండోనేషియాను 3-0గా నోడించి థామస్ కప్పు తెచ్చిన భారతజట్టులో అతడును, అమలాపురపు సాత్విక్‌సాయిరాజును గలరు.

ఇంత ఫలితమును కన్నులార చూచిన గురువు భయపెట్టు మాట యేల పలికెను? ప్రేక్షకునకు కానరాని లెక్క యాయనకు కానవచ్చుటయే కారణము. మనము పతకము గెలిచిన యొక్కనిని చూతుము. శిక్షకుడు ఆ యొక్కనితోపాటు తెల్లవారుజామున వచ్చి, చదువు మాని, ఇరువదియేండ్లు దాటిన పిదప మోకాలు చెడియో, వరుసలో వెనుకబడియో ఇంటికి మరలిన వారినందరిని చూచును. గెలిచినవారి వెనుకనైనను ఏదో యొక దన్ను గలదు. సింధు తల్లిదండ్రు లిరువురును వాలీబాలు క్రీడాకారులు, రైల్వే యుద్యోగులు. సైనా తండ్రి వ్యవసాయ విశ్వవిద్యాలయమున నుద్యోగి. శ్రీకాంతుది భూవసతి గల కుటుంబము. కౌలురైతు బిడ్డకో, మిరపకోతకు పోవు కూలి బిడ్డకో ఈ దన్ను ఎక్కడిది?

అద్దంకిలో దొరికిన క్రీ.శ. 848 ప్రాంతపు శాసనము పండరంగని విజయములను తరువోజ పద్యమున చెప్పుచున్నది. ఆతనికి శస్త్రవిద్య నేర్పినదెవరో అది చెప్పదు. ఆనాటి శాసనమునకును ఈనాటి సన్మానపత్రమునకును ఈ విషయమున భేదము లేదు. విజేతకు నగదు, స్థలము, కారు, ఊరేగింపు. ఇవన్నియు పంట యింటికి వచ్చిన పిదపటి సంబరములు. విత్తనమునకు, ఎరువునకు, పురుగుమందునకు అప్పు చేసినదెవరని అడుగువారు లేరు. మిరప వేసిన రైతునకు ఈ బాధ వేరుగ చెప్పనక్కరలేదు.

గోపీచందుగారి పద్ధతిపైనను విమర్శలు లేకపోలేదు. జాతీయ శిక్షకుడే ప్రత్యేక అకాడమీకి అధిపతి యగుట తగునా యను ప్రశ్న పలుమారు వచ్చినది. సైనా 2014లో బెంగుళూరునకు వెడలి 2017లో తిరిగి వచ్చినది. ఈ చిక్కులకు మూలము సంస్థలు తక్కువై, భారమంతయు ఒక్కని భుజములపై పడుటయే. ఒక్క మనుష్యుడు ఇల్లు తాకట్టు పెట్టినగాని దేశమునకు పతకములు రానిచో, ఆ కీర్తి ఆ మనుష్యునిది, లోపము దేశముది.

కావున హెచ్చరికను కోపగించుటకంటె దానిని అనవసర మొనర్చుట మేలు. ఉన్నత పాఠశాలలన్నిటియందును జీతము సక్రమముగా నందు శిక్షకు డుండవలెను. ఆడు బిడ్డకు చదువు నిలువకుండ పరీక్షల యేర్పాటు చేయవలెను. గాయపడినవాని చికిత్సను, వెనుకబడినవాని యుపాధిని ప్రభుత్వము ముందే చూడవలెను. ప్రభుత్వముపై సమస్తమును వేసి కూర్చుండుటయు తగదు. అద్దంకి, ఇంకొల్లు, చీరాల ప్రాంతముల సంపన్నులు దేవాలయములకు, కల్యాణమండపములకు ధారాళముగ దానము చేయగలవారు. ఒక్కొక్క పట్టణమున నలుగురు చేరి ఒక్కొక్క శిక్షకుని జీతమును పదియేండ్లు భరించినచో, ఆ దానము శిలాఫలకమున లేకున్నను బిడ్డల దేహములయందు నిలుచును.

నాగండ్ల బిడ్డకు ఆల్ ఇంగ్లండు కిరీటము దక్కినది. మరియొక పల్లెబిడ్డ ఆ దారిని నడువదలచినపుడు, భూమి యమ్మక తల్లిదండ్రులు సరే యనగల స్థితి రావలెను. అంతవరకు గోపీచందుగారి మాట సత్యమే. సత్యమగుటయే మనకు సిగ్గు.