మూడో గోల్ ఎవరి ఖాతాలో?

బస్తర్ పాఠశాలల ఫుట్‌బాల్‌లో ఓటమికి బ్యాక్‌లను తిట్టాలా, కోచ్‌ను తిట్టాలా అన్న వాదన తేలేది కాదు. పోటీలు పెరిగాయి. ఆట నేర్పే మాస్టారి లోటు మాత్రం అలాగే ఉంది.

బస్తర్‌లో రెండు పాఠశాలలు ఫుట్‌బాల్‌లో తలపడితే రిఫరీ ఆఖరి విజిల్‌తో ఆట అయిపోదు. మైదానం గట్టు మీద అది ఇంకో గంట సాగుతుంది. ఓడిన జట్టు అభిమానులు సాధారణంగా రెండు వర్గాలుగా చీలిపోతారు. మనవాళ్లు రెండు గోల్స్ కొట్టారు, బ్యాక్‌లు మూడు ఇచ్చేశారు, కాబట్టి తప్పు బ్యాక్‌లదేనన్నది మొదటి వర్గం లెక్క. బ్యాక్‌లను ఎక్కడ నిలబెట్టాలో తెలియని కోచ్‌ను వదిలేసి పిల్లలను అనడమెందుకన్నది రెండో వర్గం జవాబు. జగదల్‌పూర్‌లో ఈ గొడవ హిందీలో, హల్బీలో జరుగుతుంది. లోపలికి వెళితే గోండీలో, గోదావరి వైపు కుంట, భోపాల్‌పట్నం దాకా వస్తే తెలుగులో కూడా జరుగుతుంది. భాష ఏదైనా గెలిచిన రోజు కోచ్ పేరు ఎవరికీ గుర్తు రాదు.

ఇలాంటి తగువు ప్రపంచమంతా ఉన్నదే. కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానులు తరాలుగా ఇదే మాట్లాడుకుంటున్నారు. బస్తర్‌లో తేడా ఒక్కటే. ఇక్కడ ప్రత్యర్థులు సమానమైన చోటు నుంచి బయల్దేరరు.

ఒకవైపు నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది. అబూజ్‌మడ్ పిల్లల చదువు కోసం 1985లో మొదలైన ఆ సంస్థకు సొంత మైదానం ఉంది, ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. పిల్లలు అక్కడే ఉంటారు, అక్కడే చదువుతారు, అక్కడే ఆడతారు. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు ఎదురుకాల్పుల్లో మరణించినప్పుడు నారాయణపూర్ పేరు తెలుగు పత్రికల మొదటి పేజీల్లోకి ఎక్కింది. అదే ఏడాది అక్టోబరులో ఆ పట్టణం సీనియర్ మహిళల జాతీయ ఫుట్‌బాల్ పోటీల తుది దశకు ఆతిథ్యమిచ్చింది. ఆ వార్త మాత్రం చాలామందికి తెలియదు. అంతకుముందు 2024లో అండర్-20 పురుషుల జాతీయ పోటీలు కూడా ఆశ్రమ మైదానంలోనే జరిగాయి. అంటే అక్కడి పిల్లవాడు మణిపూర్, బెంగాల్ జట్ల బ్యాక్‌లు ఎలా జరుగుతారో తన హాస్టల్ పక్కనే చూస్తాడు.

మరోవైపు మామూలు ప్రభుత్వ పాఠశాల. అక్కడ ఫుట్‌బాల్ బాధ్యత చాలాసార్లు లెక్కలో, హిందీలో చెప్పే మాస్టారి మీద పడుతుంది. టోర్నమెంటుకు వారం ముందు బంతి బయటికి వస్తుంది. పిల్లల పరుగుకు, దమ్ముకు ఏ లోటూ ఉండదు. చిన్నప్పటి నుంచీ మైళ్లు నడిచిన కాళ్లవి. ఆ జట్టు ఏ ప్రత్యర్థి మీదైనా గోల్ కొట్టగలదు. చిక్కంతా గోల్ ఆపడం దగ్గరే వస్తుంది.

దీనికి కారణం ఆటలోనే ఉంది. గోల్ కొట్టడానికి ఒక్కోసారి ఒక్కడు చాలు. వేగం, తెగువ ఉన్న కుర్రవాడు ఇద్దరిని తప్పించుకుని వెళ్లి బంతిని వలలోకి తన్నగలడు. డిఫెన్స్ ఒక్కడితో అయ్యే పని కాదు. ఆఫ్‌సైడ్ నిబంధననే తీసుకోండి. నలుగురు బ్యాక్‌లు ఒకే వరుసగా ముందుకు జరిగితే ప్రత్యర్థి ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో చిక్కుతాడు. వారిలో ఒక్కడు రెండడుగులు వెనకబడినా వరుస చెడుతుంది, ఫార్వర్డ్ ఒంటరిగా గోల్‌కీపర్ ముందు తేలతాడు. గట్టు మీద వాళ్లకు ఆ చివరి దృశ్యమే కనిపిస్తుంది కాబట్టి నింద గోల్‌కీపర్‌కో, వెంటపడి అందుకోలేకపోయిన బ్యాక్‌కో వెళుతుంది. నిజానికి తప్పు అంతకు పది సెకన్ల ముందే, బంతి మైదానం అవతల ఉన్నప్పుడే జరిగిపోయి ఉంటుంది.

ఎప్పుడు జరగాలో, ఎవరు అరవాలో, ఎవరు బంతి మీదకు వెళితే ఆ ఖాళీని ఎవరు కాయాలో పుట్టుకతో ఎవరికీ రాదు. ఒకరు చెప్పాలి. ఆ నలుగురే నెలల తరబడి కలిసి ఆడాలి. బడి ఆటలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. బాగా ఆడేవాళ్లందరూ ఫార్వర్డ్‌లవుతారు, మిగిలినవాళ్లను వెనక నిలబెడతారు.

ఎంపిక పద్ధతి ఈ లోపాన్ని ఇంకాస్త పెంచుతుంది. పాఠశాల క్రీడల్లో వేర్వేరు బడుల పిల్లలను ఏరి జిల్లా జట్టును, ఆపైన బస్తర్ డివిజన్ జట్టును కడతారు. కొద్దిరోజుల శిబిరం, ఆ వెంటనే పోటీ. నలుగురు మంచి బ్యాక్‌లను ఏరవచ్చు కానీ కొద్దిరోజుల్లో వాళ్లను ఒక వరుసగా మార్చడం ఏ కోచ్‌కైనా కష్టం. 1960 నుంచి జరుగుతున్న సుబ్రతో కప్ తీరు వేరు. అందులో ఒక బడి ఒక జట్టుగానే దిగాలి. ఏడాది పొడవునా ఒకే మైదానంలో ఆడిన బడికి అక్కడ ఆ ఫలితం దక్కుతుంది. ఆశ్రమాల జట్లు గెలిస్తే వాళ్లకు అన్నీ ఉన్నాయిలే అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ 'అన్నీ' లెక్కలో అన్నింటికన్నా విలువైనది పచ్చగడ్డి మైదానం కాదు, కలిసి గడిపిన కాలం.

ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. దేశానికి అత్యుత్తమ ఫుట్‌బాల్ కోచ్‌గా పేరున్న సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌లో బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన భారత జట్టు, ఆయన కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేరింది. జకార్తాలో తలకు గాయమైన స్టాపర్ బ్యాక్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఫార్వర్డ్‌గా పంపారు. అతను సెమీ ఫైనల్లోనూ, దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. బ్యాక్ అంటే మిగిలిపోయినవాడు కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏముంటుంది? డ్రిబ్లింగ్ చేయకూడదని, బలహీనమైన కాలితోనే తన్నాలని షరతులు పెట్టి రహీమ్ కుర్రాళ్లకు పోటీలు నడిపేవారు. వాటికి స్టేడియం అక్కర్లేదు, ఆటను ఆలోచించే మాస్టారు ఉంటే చాలు.

బస్తర్‌కు ఇప్పుడు పోటీల కొరత లేదు. ఏడు జిల్లాల్లో 2024లో మొదలైన బస్తర్ ఒలింపిక్స్‌కు తొలి ఏడాది దాదాపు 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. 2025లో ఆ సంఖ్య 3.9 లక్షలు దాటింది. బ్లాక్ స్థాయి నుంచి జిల్లాకు, అక్కడి నుంచి జగదల్‌పూర్‌లో డివిజన్ స్థాయికి సాగే ఈ ఆటల్లో ఫుట్‌బాల్ కూడా ఒకటి. దీన్ని ప్రచారం కింద కొట్టిపారేయడం న్యాయం కాదు. నలుగురు ఒకచోట చేరితే ఇరువైపులా అనుమానంగా చూసిన ఊళ్లలో పిల్లలు జట్టుగా బయల్దేరి పక్క ఊరితో ఆడడం చిన్న విషయమేమీ కాదు. కానీ ఒలింపిక్స్ కొన్ని వారాలు ఉంటాయి, ముగింపు సభకు మంత్రులు వస్తారు, జెర్సీలు పంచుతారు. ఆ తర్వాత బంతి మళ్లీ బీరువాలోకి వెళ్లిపోతే పోయిన ఏడాది వరుస చెడగొట్టుకున్న బ్యాక్‌లు ఈ ఏడాదీ అలాగే చెడగొట్టుకుంటారు. టోర్నమెంటు ప్రతిభను బయటపెడుతుంది. డిఫెన్స్‌ను మాత్రం అది తయారు చేయలేదు.

విచిత్రమేమిటంటే దాన్ని తయారు చేసే వెసులుబాటు మిగతా ప్రాంతాల కన్నా బస్తర్‌కే ఎక్కువ. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో వందలాది బడులు మూతపడ్డాయి. ఆ పిల్లల కోసమే పోర్టా క్యాబిన్ పేరుతో ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. వీటికి గిరిజన సంక్షేమ వసతి గృహాలు, ఏకలవ్య పాఠశాలలు తోడయ్యాయి. సాయంత్రమైతే ఇళ్లకు వెళ్లిపోకుండా ఒకేచోట ఉండే వేల మంది పిల్లలు ఇక్కడ ఉన్నారు. కలిసి గడిపే కాలం ఇప్పటికే ఉందన్నమాట. లేనిది దాన్ని వాడుకునే కోచ్. హకీంపేట క్రీడా పాఠశాల లాంటిది జిల్లాకొకటి కట్టనవసరం లేదు. నాలుగైదు హాస్టళ్లకు కలిపి ఒక ఫుట్‌బాల్ శిక్షకుడిని పెట్టి, మూడేళ్లపాటు బదిలీ చేయకుండా ఉంచితే చాలు. ఒక ముగింపు సభకయ్యే ఖర్చు పక్కన పెడితే ఈ ఖర్చు పెద్దదిగా కనిపించదు.

గట్టు మీద వాదన మాత్రం ఆగదు, ఆగకూడదు కూడా. తమ బడి డిఫెన్స్ గురించి గంటసేపు కొట్లాడుకునే ఊరు ఆ బడిని తనదనుకుంటున్నట్టే లెక్క. అయితే మూడో గోల్ పడ్డాక బ్యాక్‌ను తిట్టే ముందు, కోచ్‌ను మార్చమనే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ నలుగురూ ఈ ఏడాది ఎన్ని రోజులు కలిసి ఆడారు?