కట్టెల పొయ్యిపై పన్నా? సిలిండర్‌పై కోటానా?

కట్టెలు కాల్చే పొయ్యిలను చట్టంతో కట్టడి చేయాలా, పన్నుతో తగ్గించాలా అనే చర్చ చలి దేశాలలో చాలాకాలంగా సాగుతోంది. 1952 నాటి లండన్ విషపు పొగమంచు తరువాత బ్రిటన్ 1956లో స్వచ్ఛ వాయు చట్టం తెచ్చింది. 2021 మే నుంచి ఇంగ్లాండులో పచ్చి కట్టెలను చిన్న మోపులుగా అమ్మడాన్ని సైతం నిషేధించారు. అక్కడ పొయ్యి చాలామందికి ముచ్చట. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో అది బువ్వ.

మన మెట్ట ప్రాంతంలో వంటచెరకు అంటే అడవి దుంగ కాదు. చెరువు శిఖంలోని సర్కారు తుమ్మ, చేనులో మిగిలిన పత్తి కట్టె, కంది కట్టె, ఆముదపు కట్టె, పిడకలు. ఏరుకొచ్చిన పుల్లకు రసీదు ఎవరిస్తారు, పన్ను ఎవరు వసూలు చేస్తారు? పొయ్యిని శిక్షిస్తే శిక్ష పడేది ఇల్లాలికే. కనుక ఆ మార్గం నాకు సమ్మతం కాదు.

అయితే పొగను ఉపేక్షించమని కాదు. బీడీ ముట్టని స్త్రీలు ఊపిరితిత్తుల అవరోధ వ్యాధితో, ఆయాసంతో వైద్యుని వద్దకు వస్తారు. వారిని అడగవలసిన ప్రశ్న "పొగ తాగుతారా?" అని కాదు, "ఎన్నేళ్లుగా కట్టెల మీద వండుతున్నారు?" అని. పసిపిల్లలకు న్యుమోనియా, తక్కువ బరువుతో పుట్టే శిశువులు, కంటిలో శుక్లాలు: వీటన్నిటికీ ఈ పొగతో సంబంధం ఉంది. ఇంటి పొగ కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సూక్ష్మ ధూళికణాలు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. అది బయటి గాలికి. ఊదుగొట్టం పట్టిన మనిషి ముఖం వద్ద ఆ అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ గాలికి జవాబుదారీ వహించే అధికారి లేడు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల, 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండర్ వచ్చాయి. కనెక్షన్ లేని ఇల్లు అరుదైంది; కట్టెల మోపు లేని ఇల్లు కూడా అరుదే! ఎందుకని? వంటచెరకుపై జీఎస్టీ లేదు, ఇంటి సిలిండర్‌పై 5 శాతం ఉంది. ఇది తలకిందుల న్యాయమే గాని, అసలు చిక్కు ఇంతకన్నా లోతైనది.

మహాలక్ష్మిలో మొదట పూర్తి ధర చెల్లించాలి. రాయితీ తరువాత ఖాతాలో పడుతుంది. కూలి డబ్బుతో గడిచే ఇంట ఆ మొత్తం ఒక్కసారిగా ఎక్కడిది? పైగా ఏడాదికి ఎన్ని సిలిండర్లకు రాయితీ అన్నది గత మూడేళ్ల వాడకపు సగటును బట్టి నిర్ణయించారు. మీరే యోచించండి. డబ్బు లేక ఏడాదికి రెండు సిలిండర్లే తెచ్చుకుని మిగతా వంట కట్టెలపై చేసిన ఇల్లాలికి రెండింటికే రాయితీ. స్తోమతు ఉండి ఎనిమిది వాడిన ఇంటికి ఎనిమిది. ఎక్కువ పొగ మింగిన వారికే తక్కువ సాయం. ఇక పాలమూరు వలస కూలీల సంగతి వేరే చెప్పాలా? కనెక్షన్ ఊళ్లో, వంట పనిచోట మూడు రాళ్ల మీద.

గ్యాస్ ఉన్న ఇళ్లలోనూ స్నానాల నీళ్ల కాగు, జొన్నరొట్టెల పెనం కట్టెల మీదే ఉంటాయి. రొట్టె రుచితో నాకు వాదం లేదు. కాని నీళ్ల పొయ్యి ఇంటి గోడకు దూరంగా, ఆరుబయట ఉండాలి. ఎండిన కట్టెలే వాడాలి. చంటిబిడ్డను చంకన పెట్టుకుని మంట ఎగదోయరాదు.

వచ్చే గ్రామసభలో మీరు అడగవలసినవి రెండు. రాయితీ సిలిండర్ల సంఖ్యను పాత సగటుతో గాక ఇంట్లోని తలల లెక్కతో నిర్ణయించాలని. సిలిండర్ దిగినప్పుడు 500 రూపాయలు మాత్రమే కట్టించుకోవాలని.