ఒక్క మ్యాచ్‌కే ఇంటికి పంపొద్దు

కాలేజీ ఫెస్ట్‌లో ఇప్పుడు కోడింగ్ కాంటెస్ట్ పక్కనే వాలరెంట్ పోస్టర్ కూడా కనిపిస్తోంది. ఏలూరులో టోర్నీ అంటే కైకలూరు, ఆకివీడు, భీమడోలు కుర్రాళ్లు పొద్దున్నే బస్సెక్కి వస్తారు. నెల రోజులు ప్రాక్టీస్ చేసిన ఐదుగురు తొమ్మిదింటికి సిస్టమ్ ముందు కూర్చుని, పదింటికి ఓడిపోయి మళ్లీ బస్టాండ్‌కి నడుస్తారు. తప్పు వాళ్ల ఆటది కొంతే, మిగతాది ఫార్మాట్‌ది.

నాకౌట్ పెట్టడం సులువు. 16 టీమ్‌లకి 15 మ్యాచ్‌లు చాలు. కానీ అందులో 8 టీమ్‌లు ఒక్క మ్యాచే ఆడతాయి. డ్రాలో మొదటే గట్టి టీమ్ తగిలితే అంతే సంగతులు. పోనీ అందరితో అందరినీ ఆడిద్దామంటే 120 మ్యాచ్‌లు. అన్ని రోజులు ల్యాబ్ ఎవరిస్తారు?

అందుకే ముందు లెక్క వేసుకోవాలి. 20 సిస్టమ్‌ల ల్యాబ్, రెండు రోజులు, రోజుకి 8 గంటలు అనుకుందాం. ఒకేసారి రెండు మ్యాచ్‌లు నడుస్తాయి. లాగిన్లు, సెట్టింగులతో కలిపి మ్యాచ్‌కి గంట. నాలుగేసి టీమ్‌లతో నాలుగు గ్రూపులు చేస్తే 24 మ్యాచ్‌లు, 12 గంటలు. గ్రూపుకి రెండు టీమ్‌లను క్వార్టర్స్‌కి పంపితే ఇంకో 7 మ్యాచ్‌లు, 4 గంటలు. లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ అరగంట కరెంట్ పోయినా, గేమ్ అప్‌డేట్ అడిగినా ఫైనల్ గల్లంతే. గ్రూప్ టాపర్లనే సెమీస్‌కి పంపితే 14 గంటల్లో అయిపోతుంది, రెండు గంటలు చేతిలో ఉంటాయి. అయినా ప్రతి టీమ్‌కీ మూడు మ్యాచ్‌లు గ్యారంటీ.

మరి ఒక గ్రూపులో మూడు టీమ్‌లు రెండేసి మ్యాచ్‌లు గెలిస్తే? రౌండ్ల తేడా చూస్తారా, ఇంకేదైనా చూస్తారా? ఇది రిజిస్ట్రేషన్ రోజే కాగితం మీద ఉండాలి. ఆట అయ్యాక తేలుద్దామంటే గొడవే.

పెద్ద టోర్నీలదీ ఇదే ఆలోచన. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 2023 నుంచి 16 టీమ్‌ల దశకి స్విస్ పద్ధతి తెచ్చారు. సమానంగా గెలిచిన టీమ్‌లే ఒకదానికొకటి ఎదురవుతాయి. మూడు గెలిస్తే ముందుకి, మూడు ఓడితే ఇంటికి. ఒక్క చెడ్డ మ్యాచ్‌తో ఎవరి కథా ముగియదు. బీజీఎంఐకి మళ్లీ వేరే లెక్క. 16 స్క్వాడ్‌లు, 64 మంది ఒకే మ్యాప్‌లో దిగుతారు. అక్కడ ఒక్క మ్యాచ్‌తో విజేతను తేల్చడమంటే అదృష్టానికి కప్పు ఇచ్చినట్టే. ఐదారు మ్యాచ్‌లు ఆడించి, స్థానానికీ కిల్స్‌కీ పాయింట్లు కలపాలి.

డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. సంక్రాంతి బరి అంటే పందెం గుర్తొచ్చే ప్రాంతం మనది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహిస్తూనే డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. ముందే రాసుకున్న నియమాలు, గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఉంటేనే ఆ చట్టం దృష్టిలో ఈ-స్పోర్ట్. బెట్టింగ్‌కి అసలు చోటే లేదు. కాబట్టి కాలేజీ టోర్నీకి ఎంట్రీ ఫీజు పెట్టకపోవడమే మంచిది. బహుమతులు కాలేజీయో స్పాన్సరో ఇవ్వాలి.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకంటారా? మన దగ్గర గేమ్ ఆడి జీతం తీసుకునేవాళ్లు తక్కువే. కానీ ఉన్న సిస్టమ్‌లు, ఉన్న గంటలు, రాబోయే ఇబ్బందులు చూసుకుని ప్లాన్ వేయగలవాళ్లు ప్రతి కంపెనీకీ కావాలి. రెజ్యూమెలో ‘హాబీ: గేమింగ్’ అంటే ఎవరూ ఆగి చదవరు. ‘16 టీమ్‌లు, 80 మంది, 27 మ్యాచ్‌లు, రెండు రోజుల్లో పూర్తి’ అని రాస్తే ఇంటర్వ్యూలో ఎలా చేశావని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర నిజమైన పని ఉంటుంది.

తాడేపల్లిగూడెం అయినా ఏలూరు అయినా, ఫెస్ట్ కమిటీలో ఉన్నవాళ్లు ఈసారి ఒక్క నియమం పెట్టుకోండి. వచ్చిన ప్రతి టీమ్ కనీసం మూడు మ్యాచ్‌లు ఆడాలి. పోస్టర్ డిజైన్ తర్వాత, ముందు షెడ్యూల్ వేయండి.