తూలే నడకకు మూడు తరాల లెక్క

మనిషి తాగలేదు, అయినా తూలుతున్నాడు. గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి సగం నీళ్లు ఒలికిపోతాయి. మాట ముద్దముద్దగా వస్తుంది. వాళ్ల నాయనకూ ఇంతేనని ఇంట్లోవాళ్లు అంటే, తాగుడనో శాపమనో సరిపెట్టుకోకూడదు. అది చిన్నమెదడు క్షీణించే వంశపారంపర్య వ్యాధి, స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా కావచ్చు.

ఇందులో రెండో రకాన్ని (ఎస్‌సీఏ2) తరచూ కన్నే పట్టిస్తుంది. డాక్టరు రెండు చేతుల వేళ్లు ఎడంగా పెట్టి, తల కదపకుండా చూపు ఇటునుంచి అటు మార్చమంటారు. మామూలు కన్ను చటుక్కున దూకుతుంది, ఈ కన్ను మెల్లగా జరుగుతుంది. వైద్యులు నోషిర్ వాడియా, ఆర్.కె. స్వామి 1971లో తొమ్మిది భారతీయ కుటుంబాల్లో ఈ లక్షణాన్ని గుర్తించి ‘బ్రెయిన్’ పత్రికలో ప్రకటించారు. కారణమైన జన్యువు 1996లో తెలిసింది. అందులో సీఏజీ అనే మూడక్షరాల వరుస సాధారణంగా 22 సార్లు ఉంటుంది. 35 దాకా పెరిగితే జబ్బు తప్పదనే చెప్పాలి. తరం మారేకొద్దీ వరుస పెరిగి, జబ్బు ఇంకా చిన్న వయసులోనే బయటపడవచ్చు.

మన దగ్గర నింద వెంటనే మేనరికం మీద పడుతుంది. ఫ్రీడ్‌రిక్ అటాక్సియా లాంటి జబ్బులకు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి కాబట్టి, అక్కడ మేనరికం ముప్పు పెంచుతుంది. రెండో రకానికి ఒక్కరి నుంచి వస్తే చాలు. ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, పెళ్లి బయటి సంబంధమైనా అంతే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ జబ్బును గుర్తించడానికి అసలు చిక్కు వలస. అన్న ముంబైలో, తమ్ముడు హైదరాబాద్‌లో, తల్లి ఊళ్లో వేర్వేరు డాక్టర్లకు చూపించుకుంటే వంశవృక్షం ఎవరి కాగితం మీదా పూర్తికాదు. ఇప్పుడు మూడు జిల్లాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. తూలుతూ వచ్చిన రోగి దగ్గర మూడు తరాల వివరాలు రాసుకోవడానికి యంత్రాలేం అక్కర్లేదు. అనుమానమున్నవారిని హైదరాబాద్‌లోని నిమ్స్‌కు పంపవచ్చు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద నిమ్స్‌తో కలిసి డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ప్రత్యేక కేంద్రంగా ఉంది.

రెండో రకాన్ని నయం చేసే మందు ఇంకా లేదు. ఫిజియోథెరపీతో పడిపోవడం తగ్గించవచ్చు, వైకల్యం తేలితే ధ్రువపత్రం పొందవచ్చు. లక్షణాల్లేని పిల్లలకు మాత్రం జన్యుపరీక్ష చేయించకూడదు. పెద్దయ్యాక, కౌన్సెలింగ్ తర్వాత ఆ నిర్ణయం వాళ్లదే. జిల్లా ఆసుపత్రులు ఓపీ చీటీలోనే కుటుంబ చరిత్రకు చోటివ్వాలి.