మాత్రలు ఇస్తున్నారు సరే, మాట్లాడే గది ఏది?



ప్రభుత్వాసుపత్రి మానసిక ఓపీ ఎలా నడుస్తుందో క్యూలో నిలబడినవాళ్లకు తెలుసు. బల్ల ముందు ఒక్కటే స్టూలు. దాని మీద పదో తరగతి పిల్లాడు. డాక్టరు ఏది అడిగినా వెనకనుంచి తల్లే జవాబు చెబుతుంది. తండ్రి బయట బండి దగ్గరే ఉండిపోతాడు. చీటీలు పట్టుకున్నవాళ్లు గుమ్మంలో నిలబడి అంతా వింటుంటారు. మాత్రలు రాయగానే తర్వాతి పేరు పిలుస్తారు. డాక్టరుదీ తప్పు కాదు, బయట అంతమంది ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మాత్రలు మానమనడం లేదు. మాట కూడా కావలసిన బాధలున్నాయి, అవీ అన్నీ ఒక తీరువి కావు. దిగులుతో మంచం దిగని మనిషితో ఆలోచనల్నీ అలవాట్లనీ పట్టుకుని వారం వారం పనిచేయాలి. ఆరేళ్ల పిల్ల బెంగ గురించి కూర్చుని చెప్పదు. బొమ్మలిచ్చి ఆడిస్తే బయటపడుతుంది, ఆ తర్వాత నేర్పాల్సింది చాలాసార్లు అమ్మానాన్నలకే. ఆలుమగల తగువైతే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలి. దెబ్బలున్నచోట మాత్రం వద్దు, అక్కడ నోరు విప్పినందుకు ఇంటికెళ్లాక భార్యే తన్నులు తింటుంది. ఇప్పుడు ఇలాంటి తగువులకు పెద్దమనుషుల పంచాయితీలో దొరికేది ‘సర్దుకుపోమ్మా’ ఒక్కటే. 1984 చట్టం ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్లకు చోటిచ్చింది కానీ, కేసు వేశాక గదా వాళ్లను కలిసేది!

ఇంటిల్లిపాదినీ వైద్యంలోకి తేవడం మన దేశానికి కొత్త కాదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాల్లో ఉంచుకుని వైద్యం చేశారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ పిల్లలకు సేవలూ, రోగి కుటుంబానికి ఆసరా కూడా ప్రభుత్వ బాధ్యతేనంది. విశాఖ నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025లో, వందమందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలంది. మంచిదే. కాలేజీలో పిల్ల మాట వింటారు, మరి ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టేదెవరు?

అందుకే ప్రతి ఏరియా ఆసుపత్రిలో తలుపు వేసుకోగల గది, అయిదు కుర్చీలు, చాప, బొమ్మలు అడుగుతున్నాం. రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టూ, తోడుగా ఒక సోషల్ వర్కరూ కావాలి. వారం రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లతో సరిపెట్టొద్దు. కూలి పోగొట్టుకోకుండా తండ్రులూ వచ్చేలా వారానికి రెండు సాయంత్రాలు ఓపీ పెట్టాలి.

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో వినతిపత్రం ఇస్తున్నాం. సంతకం పెట్టండి, మీ ఇంటాయనచేతా పెట్టించండి. ఈలోగా ఎవరికైనా భరించలేనంత బాధగా ఉంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.