నీరు వేరు, చీము వేరు

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికి రాగానే అమ్మమ్మ పథ్యం మొదలుపెట్టింది. "పప్పు పెట్టొద్దు, చీము పడుతుంది. వంకాయ, గోంగూర ముట్టుకోనివ్వొద్దు. నీళ్లు ఎక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుంది." రెండు వారాలు పిన్ని కంచంలో బీరకాయ కూర, చారే. గాయంలోని నీటిని లాగే డ్రెయిన్ గొట్టం తీసిన నాలుగో రోజున చంక కింద నిమ్మకాయంత ఉబ్బు తేలింది. నొక్కితే లోపల నీళ్లు కదిలాయి. పథ్యం ఎక్కడ చెడిందని అందరూ ఆరా తీశారు. పక్కింటావిడ ఇచ్చిన సాంబారు ఇడ్లీ బయటపడింది. "నా నోరే నాకు శత్రువైంది" అని పిన్ని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాకే ఇది రాస్తున్నాను.

ఆ నీరు సాంబారులోంచి రాలేదు. వైద్యులు దాన్ని సిరోమా అంటారు. రొమ్ము తీసేటప్పుడు చర్మాన్ని కండరం నుంచి విడదీస్తారు. అవసరమైతే చంకలోని లింఫు గ్రంథులనూ తీస్తారు. తెగిన సన్నని నాళాల నుంచి ఊరే ద్రవం, లోపల మిగిలిన ఖాళీలో నిలుస్తుంది. పెద్ద హెర్నియా ఆపరేషన్ తర్వాతా ఇలా కావచ్చు. ఆ నీటిని బయటికి లాగడానికే గొట్టం, దాని చివర నొక్కి పెట్టిన బుడ్డి. నర్సు రోజూ ఆ నీటిని కొలిచి రాసేది. మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి ఎండుగడ్డి రంగులో వచ్చింది. రోజుకు 30 మి.లీ. లోపుకు దిగాక గొట్టం తీయడం చాలాచోట్ల పద్ధతి. తీశాక కూడా కొందరికి నీరు చేరుతుంది. అందులో రోగి తప్పేమీ లేదు.

చీము పుట్టుక వేరు. 1880లో స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గడ్డల్లోని చీమును మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో గుత్తులుగా ఉన్న సూక్ష్మజీవులను చూశాడు. చీములో ఉండేవి ఆ క్రిములు, వాటితో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాలు. కందిపప్పులోని మాంసకృత్తులు అరిగి అమైనో ఆమ్లాలవుతాయి. తెగిన కండ అతుక్కోవడానికి శరీరం అడిగేది వాటినే. 100 గ్రాముల వండని పప్పులో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. మాంసం ముట్టని ఇంట్లో పప్పు మాన్పిస్తే గాయం మానడానికి కావలసిన సరుకునే మాన్పించినట్టు. ఉత్తరాదిన జబ్బుమనిషికి ముందు పెట్టేదే పెసరపప్పు కిచిడీ. అక్కడి పథ్యం ఇక్కడ అపథ్యం ఎలా అవుతుంది?

అమ్మమ్మ భయం మాత్రం అబద్ధం కాదు. ఆమె చిన్నతనంలో పెన్సిలిన్ మన ఊళ్లకు రాలేదు. చీము పట్టిన గాయం ప్రాణం తీసేది. కారణం తెలియనప్పుడు చేతికందేది కంచమే. పప్పు తిని చీము పట్టినవాడు ఊరందరికీ గుర్తుంటాడు. పప్పు తిని మానిన వందమందిని ఎవరూ లెక్కపెట్టరు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఉబ్బును ఇంట్లో సూదితో పొడిచినా, గాయం మీద పసుపు, సున్నం పట్టించినా, క్రిములు లేని నీటిలోకి మనమే క్రిముల్ని పంపినట్టు. చిన్న సిరోమా కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. పెద్దదైతే డాక్టరు శుభ్రమైన సూదితో తీస్తారు. ఒక్కోసారి మళ్లీ మళ్లీ తీయాలి. ఎర్రదనం, వేడి, జ్వరం, పెరిగే నొప్పి, దుర్వాసన కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పిన్నికి నీరు తీసినప్పుడు డాక్టరు సిరంజి ఎత్తి అమ్మమ్మకు చూపించారు. "చూడండమ్మా, చీము ఇలా ఉంటుందా?" తేటగా, లేత పసుపు రంగులో ఉంది. అమ్మమ్మ చాలాసేపు చూసింది. ఆ రాత్రి పిన్నికి తనే పప్పన్నం కలిపి పెట్టింది. తర్వాత రెండుసార్లు నీరు చేరింది, మూడోసారి చేరలేదు. పప్పు తిన్నందుకే తగ్గిందని నేననను. అలా అంటే సాంబారు మీద నింద వేసినవాళ్ల లెక్కే నాదీ అవుతుంది. పిన్ని కడుపునిండా తింది, తనను తాను తిట్టుకోవడం మానింది. నాకు తెలిసింది అంతే.