కిరాయి సినిమా – ముద్దతు

కిరాయి, ముద్దతు – ఈ రెండు మాటలు ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి మన ఇంటి మాటలైనాయి. ఇల్లయినా, సైకిలయినా కిరాయికి తీసుకున్నప్పుడు ఒక ముద్దతు ఉండక తప్పదు. కనుక గడువు ఉండుటే అన్యాయమని మేము వాదించబోము. ఆ గడువు ఎవరి జీవితాన్ని చూచి నిర్ణయింపబడినది అన్నదే మా ప్రశ్న.

ఫిల్మ్ నగర్ గుట్టల దిగువన షేక్‌పేటలో మా నివాసం. గడచిన వేసవి సెలవులలో ఒక శుక్రవారం రాత్రి, కుటుంబమంతా కలసి చూడవలెనని, ఇంటర్నెట్ ద్వారా ఒక తెలుగు చిత్రాన్ని అద్దెకు తీసుకున్నాము. మోకాళ్ల నొప్పులతో అబ్బా సినిమా హాలు మెట్లు ఎక్కలేరు. వారికి మా ముందుగదియే థియేటరు. ఇషా నమాజు, భోజనాలు ముగిసి, వంటిల్లు సర్దుకొని అమ్మీ వచ్చి కూర్చొనేసరికి పది గంటలయింది. గంట గడిచిందో లేదో పిల్లలు నిద్రకు ఒరిగారు, చిత్రం ఆపివేశాము. శనివారం బంధువుల ఇంట పెండ్లి. ఆదివారం పొద్దంతా వచ్చిపోయే వారితోనే సరిపోయింది. ఆ రాత్రి పది దాటిన పిదప అందరమూ కూర్చుంటే గడువు తీరినదని, మరల రుసుము చెల్లింపవలెనని తెరపై ప్రకటన కనిపించింది. "తరువాత కథ ఏమయింది బేటా?" అని అబ్బా అడిగారు. చూడని కథను ఏమని చెప్పగలము?

పోయిన సొమ్ము పెద్దది కాదు. కాని ఆ నియమంలోని అసంగతం చిన్నది కాదు.

1980వ దశకంలో వీసీఆర్‌ను, క్యాసెట్లను ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, ఇరుగుపొరుగుతో కలసి తెల్లవార్లు చూచిన ముచ్చట్లు మన పెద్దలు ఇప్పటికీ చెప్పుదురు. మా బాల్యంలో సీడీల దుకాణం ఉండేది. నాడు గడువుకు అర్థమున్నది. క్యాసెట్టు ఒక్కటే, అది మన ఇంట ఉన్నంతవరకు మరొకరికి అందదు. అయినప్పటికీ, చుట్టాలు వచ్చారని చెప్పుకుంటే దుకాణదారు ఒక పూట ఓర్చుకొనేవాడు. నేడు తెరపైకి వచ్చు చిత్రం ఎవరి చేతినుండీ లాగుకొన్నది కాదు. ఒకే క్షణంలో వేయి ఇండ్లలో ఆడగలదు. మన వెనుక నిరీక్షించువారు లేరు. మన మాట వినే దుకాణదారు కూడ లేడు.

భారతదేశంలో ప్రైమ్ వీడియో 2022 ఏప్రిల్‌లో అద్దె విధానాన్ని ప్రవేశపెట్టింది. ఇట్టి సేవలలో సాధారణ నియమమిది: రుసుము చెల్లించిన పిదప చూచుట ఆరంభించుటకు 30 రోజులు, ఒకసారి ఆరంభించినచో ముగించుటకు 48 గంటలు. ఒంటరిగా కూర్చొని రెండు గంటల చిత్రం చూచువానికి ఇది చాలును. మన చిత్రాలట్టివి కావు. 1977 నాటి 'దానవీరశూరకర్ణ' నిడివి మూడున్నర గంటలకు పైబడినది; 2022 నాటి 'ఆర్ఆర్ఆర్' మూడు గంటలు దాటినది. ఇంటిల్లిపాదికీ కలసివచ్చే తీరిక రోజుకొక గంటయే అయినప్పుడు మూడు గంటల కథకు మూడు రాత్రులు కావలెను. గడియారంలోని 48 గంటలు సంసారంలో రెండు గంటలు మాత్రమే.

వస్తువు చేతులు మారే కాలంలోనే ఈ చిక్కును విప్పినవారు ఉన్నారు. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ 1999లో నెలసరి చందా పద్ధతిని ప్రవేశపెట్టి, తపాలాలో పంపిన డీవీడీలకు తిరిగియిచ్చు తేదీయే లేకుండ చేసింది. 2023 సెప్టెంబరులో ఆ తపాలా సేవను ముగించింది. డీవీడీకే సాధ్యమైన ఔదార్యం ఇంటర్నెట్‌లోని చిత్రానికి అసాధ్యమా?

నిర్మాతల పక్షాన ఒక న్యాయమైన మాట ఉన్నది. అద్దెకిచ్చు హక్కును మన కాపీరైటు చట్టం చిత్ర యజమానికే ఇచ్చింది. గడువే లేనిచో అద్దెకూ కొనుగోలుకూ భేదమేమని వారు అడుగవచ్చును. మేమూ అంగీకరిస్తాము. అందుచేత మేము కోరునది గడువు రద్దు కాదు. గడువును లెక్కించు పద్ధతిలో మార్పు. ఆరంభించిన నాటినుండి ఏడు రోజులలో చిత్రాన్ని ఒకసారి పూర్తిగా చూచు అవకాశమివ్వవలెను. పూర్తయినంతనే అద్దె ముగియవచ్చును. మనం ఎక్కడ ఆపితిమో నిమిషంతో సహా గుర్తుంచుకొనే యంత్రానికి, చూడని భాగమెంతో తెలియదా? గడువు తీరు సమయాన్ని కూడ, రుసుము చెల్లించకముందే, పెద్ద అక్షరాలలో తెలుగులోను ఉర్దూలోను చూపవలెను.

2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు చిత్రీకరణలు నిలిపి పరిశ్రమ సమస్యలను చర్చించారు. థియేటరులో విడుదలైన చిత్రం ఎన్ని వారాలకు ఓటీటీకి రావలెనన్నది అందులో ముఖ్యాంశం. థియేటరుకూ ఇంటికీ మధ్య వారాలను అంత శ్రద్ధగా లెక్కించినవారు ఇంటిలోనికి వచ్చిన పిదప ప్రేక్షకునికి మిగులు గంటలను గూర్చి కూడ ఆలోచింపవలదా? ఫిల్మ్ నగర్‌లోని ఫిలిం ఛాంబరు ఈ మాట ఎత్తినచో వినని సంస్థ ఉండదని మా నమ్మకం.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇట్టి సేవలకు ప్రోగ్రాములు వ్రాయుదురు. కొందరు న్యాయశాస్త్రం చదువుదురు. నియమం వ్రాయునాడు ఒంటరి ప్రేక్షకుని మాత్రమే కాక, వంటిల్లు సర్దుకొని వచ్చే తల్లిని, నిద్రకు జోగే బిడ్డను, కథ తెలియక మిగిలిన తండ్రిని కూడ తలచుకొనుడు. మా అబ్బా ఆ చిత్రాన్ని మరల అద్దెకు తీయనివ్వలేదు. ముగింపు ఏమయిందని ఇప్పటికీ అడుగుచునే ఉన్నారు.